ఆరని మూల

పలాసలో జీడిపప్పు వ్యాపారులు మీటింగులు పెట్టుకునే లాడ్జి ఒకటుంది. దాని పైఅంతస్తు హాల్లో గోడ నుంచి గోడదాకా తివాచీ అతికించి ఉంటుంది. దాన్ని ఊడ్చే పని పైడమ్మది. అందరూ వెళ్లిపోయాకే ఆమె పని మొదలవుతుంది. అక్కడ మాట్లాడిన మనుషుల్లో ఒక్కరి మొహమూ ఆమెకు సరిగ్గా తెలియదు. తెలిసినవల్లా వాళ్లు ఒలకబోసిన టీలు, కుర్చీల కింద నలిపిన పకోడీలు.

ఆమె ఊరు సముద్రం ఒడ్డున డొంకూరు. మొగుడు ఎల్లాజీ గుజరాత్‌లో వీరావల్ చేపల బోట్ల మీద పనికి వెళ్లాడు. సెల్‌ఫోన్లు ఇంకా అందరికీ రాని రోజులు. మొదట్లో లాడ్జికి ఫోను చేసేవాడు, తరవాత మానేశాడు. ఫోను మోగితే ఇప్పుడామె తల ఎత్తదు. మెట్ల కింద గదిలో వండుకుని, తిని, పడుకుంటుంది.

ఆ వానాకాలం తివాచీ కంపు కొడుతోందని వ్యాపారులు గోల పెట్టారు. మేనేజరు మురళీమోహన్ రెండు దారులు వెతికాడు. టెక్కలి నుంచి మనిషి వచ్చి, మిషనుతో సబ్బునీళ్లు కొట్టి, ఆ నీళ్లను మళ్లీ పీల్చేసి పోతాడు. నెలనెలా వస్తాడు. లేదంటే విశాఖపట్నం నుంచి వచ్చే పొడి. చల్లి, బ్రష్షుతో రుద్ది, కాసేపు వదిలేసి, దుమ్ము పీల్చే మిషనుతో లాగేయాలి. దానికి పైడమ్మ ఒక్కతే చాలు. హాలు సగం అలా, సగం ఇలా చేయించి చూద్దామన్నాడు.

"ఏది బాగుందో నువ్వే చెప్పు. రోజూ దానిమీద తిరిగేది నువ్వేగా."

టెక్కలి మిషనుతో వచ్చిన కొండబాబు నోరు మూతపడదు. రాగానే అక్కని పిలిచినట్టు అప్పా అని వరస కలిపేశాడు.

"ఏటప్పా, ఇంత పెద్ద హాలు నీ ఒక్కర్తిదేనా? మారాణివే!"

"మారాణి సేతిలో సీపురుంటాదేటి?"

"అయితే నాను నీ బంట్రోతుని. ఆ వైరందుకోండి మారాణీగోరూ."

పైడమ్మ నవ్వింది. ఆ నవ్వు ఖాళీ హాల్లో పెద్దగా వినిపించేసరికి తానే అటూ ఇటూ చూసింది.

పని మధ్యలో ఇద్దరూ మెట్ల మీద కూర్చుని టీ తాగారు. ఆమెది డొంకూరని తెలిసి అతను కళ్లు పెద్దవి చేశాడు.

"ఎండుసేపలు, ఆ నెత్తళ్లు దొరుకుతాయా అప్పా? మా ఇంటిదానికి పేణం."

"పై నెలొత్తావు గదా. తెప్పించి ఉంచుతాను."

వెళ్లేముందు అతను కిటికీ పక్క మూలకు వచ్చి గొంతు తగ్గించాడు. "పైకి ఆరినట్టే ఉంటాది. రేపు ఇక్కడ అరసెయ్యి అదిమి సూడు. కింద సెమ్ముంటే దాయకప్పా, సెప్పేయ్. జిగురూడిపోతే నా పేరే పోద్ది."

మర్నాడు అదిమి చూసింది. చల్లగా తగిలింది. ఊళ్లో చేపైనా వలైనా గాలికే ఆరేది కాబట్టి కిటికీలన్నీ తెరిచింది. వానగాలి లోపలికొచ్చి తివాచీ ఇంకా బరువెక్కింది. మూసేసి ఫ్యాన్లు వేసింది. తడి పీలుస్తుందని పాత చీర పరిచి దానిమీద నడిచింది. ఆ మర్నాడూ తడి అలాగే ఉంది, పైగా తడిసిన కుక్క వాసన. తాను పొడి చల్లి రుద్దిన వైపు అంత రంగు తేలలేదుగానీ, ఎక్కడ అదిమినా తడి లేదు.

నెత్తళ్ల పొట్లం మాత్రం ఊరినుంచి వచ్చిన మనిషి చేత అప్పుడే తెప్పించేసింది.

చెప్పులు విప్పే ఓపిక లేక మురళీమోహన్ గుమ్మంలోంచే తొంగిచూశాడు. "కడిగినవైపే బాగా కనబడుతోందే! ఆరిందా? ఊఁ అను, ఆ టెక్కలి అతన్నే ఖాయం చేసేస్తాను."

పైడమ్మ ఊఁ అనబోయింది. ఆమె నిలబడింది ఆ మూలలోనే. పాదం కింద చల్లగా ఉంది. దాయకప్పా, అన్నాడు గదా కొండబాబు.

"ఆర్నేదు బావూ," అంది. "పొడే తెప్పించండి. ఆ బాబు తప్పేటీ నేదు. ఆరకపోతే సెప్పమని తనే సెప్పినాడు."

"సరే మరి." మురళీమోహన్ ఇక రావద్దని టెక్కలికి ఫోను చేయడానికి కిందికి వెళ్లాడు. పొట్లం మెట్ల కింద మేకుకే వేలాడింది.

పొడి డబ్బాలు వచ్చిన రోజు పైడమ్మ అవతలి గోడ దగ్గర మొదలుపెట్టి, ముగ్గుపిండిలా చల్లుకుంటూ, రుద్దుకుంటూ, వెనక్కి వెనక్కి గుమ్మందాకా వచ్చింది. పొడి మురికిని పట్టుకునేదాకా ఎవరూ తొక్కకూడదు. బయట కూర్చుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఎవరో పైకి వస్తున్నారు.

"రాకండి బావూ, పొడి జల్లినాను," అంది.

అడుగులు ఆగాయి, తిరిగి దిగిపోయాయి. ఎవరో చూద్దామని లేచేలోపే కింద వీధి తలుపు మూతపడింది. పైడమ్మ మళ్లీ కూర్చుంది. లోపల హాలంతా తెల్లగా, ఒక్క అడుగూ లేకుండా ఉంది.