బందు నాటి కేకు

నా చిన్నప్పుడు మా జనగామలో బ్రెడ్డు తిండి కాదు, కబురు. ఎవరి చేతిలోనైనా బ్రెడ్డు పొట్లం కనిపించిందంటే వాళ్ళింట్లో ఎవరో మంచాన పడ్డారని అర్థం. అన్నం సయించని మనిషికి పాలలో ముంచి పెట్టేది అదే. అందుకని బ్రెడ్డు పట్టుకుని నడిచేవాళ్ళకు దారి పొడుగునా ఒకటే ప్రశ్న ఎదురయ్యేది: "ఎవరికి జరం?" జవాబు చెప్పకుండా పోవడం మర్యాద కాదు. విన్నవాళ్ళు సాయంత్రం రోగిని చూడటానికి రాకపోవడం అంతకన్నా మర్యాద కాదు. ఒంట్లో బాగున్నవాళ్ళు కూడా బ్రెడ్డు తినవచ్చునన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అది ప్రత్యేక తెలంగాణ కోసం ఊళ్ళు మొదటిసారి రోడ్డెక్కిన ఏడాది. అరవై తొమ్మిది. బళ్ళు మూతపడ్డాయి. పిల్లల చదువు ఆగిపోయిందని పెద్దలు బాధపడుతుంటే మేమూ వాళ్ళ బాధలో వీలైనంత పాలు పంచుకున్నాం. నా ఒక్కదానికే ఆ అదృష్టం పూర్తిగా దక్కలేదు. పక్కింటి అక్క నాకు రోజూ ఎక్కాలు, డిక్టేషను చెప్పేది, ఎవరూ అడగకపోయినా.

ఆ అక్కావాళ్ళు కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చారు. నాన్న రైల్వేలో గుమాస్తా, తల్లి ఇంట్లో, అక్క ఒక్కతే కూతురు. బెజవాడలో చదివినప్పుడు తను తిన్న కేకు గురించి నాకు చెబుతూ ఉండేది. గుడ్లు వేస్తారట, గుడ్ల వాసన రాదట. పొయ్యి మీద పెట్టరట, పొయ్యి లోపల పెడతారట. పెట్టినప్పుడు గిన్నెలో సగమే ఉంటుందట, తీసేటప్పటికి పైకి లేచి ఉంటుందట. నేను ఒక్క ముక్కా నమ్మలేదు, కాని ఆ లేవడం ఏమిటో చూడాలని మాత్రం ప్రాణం కొట్టుకునేది.

ఒక రోజు తెల్లారేసరికి వాళ్ళ గోడ మీద బొగ్గుతో రాసి ఉంది: "ఆంధ్రవాల్లు వెల్లిపోవాలె." రాసింది ఎవరో బజారంతటికీ తెలుసు. మా వీధి చివర బట్టల కొట్టాయన కొడుకు, కాలేజీలో చదివే పొడుగు జుట్టు అన్న. అక్కావాళ్ళ నాన్న ఆ గోడను చూసి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. అక్క మాత్రం పొయ్యిలోంచి ఒక బొగ్గు తెచ్చి "ల్ల" ఉన్నచోటల్లా "ళ్ళ"గా దిద్దింది. ఆమెకు అక్షరం తప్పితే తట్టుకోవడం కష్టం. "వాలె" కూడా దిద్దుతావా అని అడిగాను. మా మాటను అటువాళ్ళు నవ్వుతారని నాకు అప్పటికే తెలుసు. "అది మీ ఊరి మాట. తప్పెందుకవుతుందీ?" అంది, చేతులు దులుపుకుంటూ.

అక్క పుట్టినరోజు ఆ వారంలోనే వచ్చింది. సరిగ్గా ఆ రోజే బందు. పొద్దున వెళ్ళేసరికి వాళ్ళమ్మ ట్రంకుపెట్టె సర్దుతోంది, పరుపు చుట్టి తాడు కట్టేసి ఉంది. రైళ్ళు మళ్ళీ నడిచిన మొదటి రోజునే తల్లీ కూతుళ్ళు బెజవాడ వెళ్ళిపోవాలని నిర్ణయం జరిగిపోయింది. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందున్న కంచంలో అన్నం అట్లాగే ఉంది. "ఈ ఊళ్ళో మనల్ని ఎవరైనా ఉండమన్నారా?" అని వాళ్ళమ్మ పెట్టెను అడుగుతోంది. అక్కకు వెళ్ళడం ఇష్టం లేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఏడ్చింది, అంతే.

నేను ఇంటికి పరుగెత్తి మా తాతను పట్టుకున్నాను. మా తాతకు పనంటూ ఏమీ ఉండేది కాదు, అందుకని ఎప్పుడూ తీరిక ఉండేది కాదు. అక్కకు కేకు కావాలి అని చెప్పాను.

"కేకనా?" అన్నాడు. "రోడ్డు మీదికి పోతె కావల్సినన్ని ఉన్నయి గద బిడ్డా."

కేక కాదు, కేకు అని, గుడ్ల దగ్గర్నుంచి లేవడం దాకా విన్నది విన్నట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. లేచి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన కండువా దులిపాడంటే విషయం ఆయనకూ వింతగా తోచిందని గుర్తు.

మొదట స్టేషను దగ్గరి మిఠాయి దుకాణానికి వెళ్ళాం. అన్నీ మూసి ఉన్నాయి. ఒక తలుపు సందులోంచి కొట్టాయన ముఖం సగం కనిపించింది. కేకు అంటే ఆయనకు తెలుస్తుందో లేదోనని తాత తనకు తెలిసిన మాటతో మొదలుపెట్టాడు.

"బన్నున్నదా?"

"బందున్నది తాతా."

"బన్ను అడుగుతున్ననయ్యా."

"నేను గూడ గదే చెప్తున్న. బందున్నది!"

ఇంకాసేపు ఇట్లాగే సాగేది గాని ఆయన తలుపు మూసేశాడు. ఇక లాభం లేదు, ఇంటికి పోదాం అన్నాను. తాత నడుస్తూనే ఉన్నాడు. పట్టాలు దాటి, ఊరి శివారులో ఉన్న సర్కారు దవాఖాన ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టాడు. ఎందుకు వచ్చామో చెప్పలేదు. చూడమన్నాడు. చూశాను. దవాఖానలో పడుకున్నవాళ్ళ తరఫు మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. అప్పుడు నా కంట పడింది. ఊరంతా మూసి ఉన్న ఆ రోజున కూడా వాళ్ళ చేతుల్లో బ్రెడ్డు పొట్లాలున్నాయి.

"ఊరు బందయితది, జరం బందయితదా?" అన్నాడు తాత. ఒక ముసలమ్మను ఆపి, "అక్కా, గా రొట్టె ఏడికెళ్లి తెచ్చినవు?" అని అడిగాడు. ఆమె దవాఖాన వెనుక గల్లీ చూపించి, తప్పనిసరిగా, "ఎవరికి జరం?" అని అడిగింది.

ఆ గల్లీలో బోర్డు లేని బేకరీ ఒకటుంది. ముందు తలుపుకు తాళం. తాత చుట్టూ తిరిగి వెనుక వైపుకు వెళ్ళాడు. వెనుక తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల పిండి అంటిన గడ్డంతో ఒక చాచా. బందు నాడు తెరిచావేంది అని తాత అడిగితే ఆయన ఏమీ తడబడలేదు. "ముంగటి తలుపు బందుల ఉన్నది. ఎనుకటి తలుపు దవాఖాన డ్యూటీల ఉన్నది" అన్నాడు.

తాత ఆయనకు ఏదీ దాచలేదు. పిల్ల సంగతి, గోడ సంగతి, ట్రంకుపెట్టె సంగతి చెప్పాడు. కేకు క్రిస్మసుకు మాత్రమే చేస్తాననీ, అదీ చర్చివాళ్ళు ముందుగా చెబితేనే అనీ చాచా అన్నాడు. అంటూనే గుడ్లు పగలగొట్టడం మొదలుపెట్టాడు. కొందరు కాదనడానికి నోటిని మాత్రమే వాడతారు.

నేను బట్టీ ముందు నుంచి కదల్లేదు. గోడలో ఒక నోరు, లోపల చిన్న గదంత పొయ్యి. నిప్పులన్నీ ఒక పక్కకు తోసి ఉన్నాయి. గుడ్లూ చక్కెరా నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, మైదా కలిపి, ఖాళీ పాలడబ్బాలో సగం దాకా పోసి, పొడుగాటి చెక్కతో లోపలికి తోశాడు. నేను కళ్ళు మంటలెత్తుతున్నా చూస్తూనే ఉన్నాను. మొదట ఏమీ జరగలేదు. తర్వాత మధ్యలో కొంచెం ఉబ్బింది. తర్వాత అంచులు. తర్వాత, నా ఒట్టు, అది డబ్బాలోంచి తల ఎత్తి మావైపు చూసింది. అక్క చెప్పినవన్నీ నిజమే అయితే ఎక్కాలు కూడా నిజమే అయి ఉంటాయని నాకు అనుమానం వచ్చింది.

వేడి తగ్గాక దాన్ని పాత పేపరులో చుట్టి దారం కట్టి ఇచ్చాడు. చూడటానికి అచ్చం బ్రెడ్డు పొట్లమే.

తిరిగి వచ్చేటప్పుడు రైల్వే గేటు దగ్గర కాలేజీ పిల్లలు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ముందు వరసలోనే పొడుగు జుట్టు అన్న. నినాదాలతో గొంతు బొంగురుపోయి ఉంది. లేచి వచ్చాడు.

"బందు నాడు కొనుడేంది తాతా? ఎవడు దుకాణం తెరిచిండు?" అన్నాడు. అంతలోనే పొట్లం చూశాడు, మేము వస్తున్న దవాఖాన దిక్కు చూశాడు. గొంతు మారిపోయింది. "అయ్యో. ఎవరికి జరం?"

తాత ఒక నిట్టూర్పు విడిచాడు. "పక్కింటి పిల్ల. పొద్దటిసంది అన్నం ముట్టలె."

"ఏ పక్కిల్లు?"

"నువ్వు రాసిన గోడ లేదా? దాని అవతలి పిల్ల."

వెనుక కూర్చున్నవాళ్ళు మెడలు సాచి చూశారు. పొట్లం నా చేతుల్లో ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని లాగేసుకుంటారేమోనని గుండెకు ఆనించుకున్నాను. ఆ అన్న నన్ను చూశాడు, పొట్లాన్ని చూశాడు, తన చేతుల్ని చూసుకున్నాడు. వాటి మీద బొగ్గు ఎప్పుడో పోయింది గాని ఆయనకింకా కనిపిస్తున్నట్టుంది.

"గిది తింటె తగ్గుతదా?" అని మెల్లగా అడిగాడు.

"తగ్గుతదనే నా నమ్మకం" అన్నాడు తాత.

"జర తొవ్వ ఇయ్యుండ్రిరా!" అని ఆయన వెనక్కి తిరిగి అరిచాడు. అది మాత్రం నిజంగా కేకే.

గేటు దాటాక, అబద్ధమాడినవు గద తాతా, అన్నాను. "ఏది అబద్ధం? అన్నం ముట్టిందా?" అన్నాడు. నేను మొత్తం మళ్ళీ నెమరేసుకుని చూశాను. ఒక్క అబద్ధమూ దొరకలేదు. అంత నిజం చెప్పి అంత మోసం చేయవచ్చునని అప్పుడే తెలిసింది. తర్వాత నేను కాలేజీలో లాజిక్కు పాఠాలు చెప్పి బతికానంటే ఆశ్చర్యపోకండి.

పొద్దుగూకే వేళ కూరగాయల కత్తితో అక్క కేకు కోసింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, బెజవాడది ఇంత బాగుండదంది. అప్పుడే తలుపు చప్పుడైంది. అక్కావాళ్ళ నాన్న సందులోంచి చూసి తెల్లబోయాడు. బయట పొడుగు జుట్టు అన్న, ఇంకా ఇద్దరు ఉన్నారు. ఇక అయిపోయిందన్నట్టు ఆయన మా తాత వైపు చూశాడు. తాత వెళ్ళి తలుపు తీశాడు.

వాళ్ళ చేతుల్లో బత్తాయిలు, ఒక బ్రెడ్డు పొట్లం. జ్వరమని విన్నాక చూడటానికి రాకుండా ఎట్లా ఉంటారు? అడిగిన నోటికి ఆ మాత్రం బాధ్యత ఉండేది.

మూతికి కేకు పొడి అంటించుకుని నిలబడ్డ రోగిని వాళ్ళు చూశారు. తాత ఇంటి వాసాలు లెక్కపెట్టడంలో మునిగిపోయాడు.

"జరం తగ్గినట్టున్నది" అన్నాడు పొడుగు జుట్టు అన్న.

అక్కావాళ్ళమ్మ ఏం చేయాలో తెలియక, ఇంటికొచ్చినవాళ్ళకు ఎవరైనా చేసే పనే చేసింది. కేకు ముక్కలు చేతుల్లో పెట్టింది. ఆ అన్న తిని, ఇదేందో మెత్తగున్నదే అని, అక్క వైపు తిరిగి అడిగాడు. "గోడ మీది అచ్చరం దిద్దింది నువ్వేనా చెల్లె?"

"నేనే."

"మరి 'వాలె' ఎందుకు ఇడిసిపెట్టినవు?"

"అది తప్పు కాదుగా" అంది అక్క.

వాళ్ళు వెళ్ళాక అక్కావాళ్ళ నాన్న కూలబడి, వీళ్ళకు భయపడే కదా పెట్టె సర్దుకున్నాం అన్నాడు. "మూసిన ఊళ్లె రొట్టె కనబడంగనే ఏడ కొన్నవని అడిగిండు, నిజమే" అన్నాడు తాత. "గని ఎవరికి జరమో అడిగినంక మల్ల గా ముచ్చట ఎత్తలె. గసొంటోనికి భయపడుతర సారూ?"

తెల్లారి గోడ మీది రాత తడి గోనెతో తుడిచి ఉంది. దాని చోట కొత్తది రాశారు: "తెలంగాణ రావాలె." ఒక్క తప్పూ లేదు. సర్కారు ఉద్యోగి గనుక అక్కావాళ్ళ నాన్న దానికీ భయపడ్డాడు, కాని తుడవలేదు. ట్రంకుపెట్టె మంచం కిందికి వెళ్ళింది. వాళ్ళు తర్వాతెప్పుడో బదిలీ మీద వెళ్ళారు, అందరూ వెళ్ళినట్టే.

నా ఉద్యోగం మానుకోట, భూపాలపల్లి అంటూ నన్నూ తిప్పింది. ఏ ఊరు వెళ్ళినా మంచి బేకరీ ఎక్కడని నేను ఎవరినీ అడగలేదు. నేరుగా దవాఖాన దగ్గరికి వెళ్ళి చేతుల్లోని పొట్లాలు ఎటు నుంచి వస్తున్నాయో చూసేదాన్ని. రోగికి పెట్టే తిండిలో నిన్నటి సరుకు అంటగట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. ఊళ్ళో దిగిన రోజే దవాఖానకు బయలుదేరే భార్యను చూసి మా ఆయన కొన్నాళ్ళు పరేషాన్ అయ్యాడు, తర్వాత కేకు తినడం నేర్చుకున్నాడు.

ఇప్పుడు మేముండే శివారు కాలనీలో వీధికొక బేకరీ, అద్దాల్లో రంగురంగుల పేస్ట్రీలు. ఎవరి చేతిలో పొట్లం చూసినా నా నోరు ఊరుకోదు, "ఎవరికి జరం?" అంటుంది. "బర్త్‌డే ఆంటీ" అని నవ్వి వెళ్ళిపోతారు. ముసలావిడకు చాదస్తం అనుకుంటారు, అదీ అబద్ధం కాదు.

మొన్న ఒక సాయంత్రం మా ఎదురింట్లో కొత్తగా ఒక్కతే గది తీసుకున్న ఉద్యోగం చేసే పిల్ల బ్రెడ్డు పట్టుకుని మెట్లెక్కుతోంది. అలవాటు కొద్దీ అడిగాను. ఆ పిల్ల నవ్వలేదు. మెట్టు మీదే ఆగి, "నాకే, ఆంటీ" అంది.

బత్తాయిల కోసం లోపలికి వెళ్ళాను.