పత్తి గదిలో పాఠం

వినికిడి పరీక్షలు చేయడం నా వృత్తి. ఈ రోజు నర్సంపేట దగ్గరి ఒక ఊరి బడికి వెళ్లాను. మూడో తరగతి శ్రావణి తరగతిలో పిలిస్తే పలకదు, చెవులు వినపడవని అందరి అనుమానం. నేను అవునంటే, ఆమెను ఊరు దాటించి ప్రత్యేక పాఠశాల హాస్టల్లో వేయాలనుకున్నారు.

బడి కప్పు కురుస్తున్నదని రైతు ఐలయ్య తన ఇంటి పెద్ద గదిని తరగతికి ఇచ్చాడు. మంచి ధర కోసం ఆపిన పత్తి కూడా అందులోనే, మూడు గోడల వెంట దూలాల దాకా ఉంది.

గుమ్మం దాటగానే చెవులు మూసుకుపోయినట్లయింది. పిల్లలు గొంతెత్తి చెబుతున్న ఎక్కాలు గుసగుసల్లా వినిపించాయి. "శ్రావణీ" అన్నాను. నా మాట నాకే ఎవరో దూరం నుంచి అన్నట్లు అనిపించింది. వెనక, పత్తి కుప్పకు ఆనుకుని కూర్చున్న ఆ పిల్ల కదలలేదు.

వాకిట్లోకి తీసుకొచ్చి, వెనక నిలబడి, మెల్లగా పిలిచాను.

"ఆఁ, మేడం!" అని టక్కున తిరిగింది.

పరికరంతోనూ పరీక్షించి, "చెవులు బాగున్నాయి. శబ్దాన్ని పత్తి మింగేస్తోంది" అన్నాను.

ఐలయ్య నెత్తి పట్టుకున్నాడు. "అయ్యో, పిల్లలకు చలి పెట్టదనుకున్న గదా మేడం! పిల్లనెందుకు పంపుడు, పత్తినే పంపుదాం!"

ఊరంతా చేయి వేసి గది ఖాళీ చేసింది. తరగతి ఈ గదికి మారాకే బడికి వచ్చిన సార్ మళ్లీ పాఠం మొదలుపెట్టగానే శ్రావణి ఉలిక్కిపడి పక్క పిల్లను అడిగింది: "సార్ గొంతు గిట్లుంటదా?"

మీ ఊరి బడిలో చివరి వరుసలో ఒకసారి కూర్చోండి. ఏం వినిపించిందో ఇక్కడ రాయండి.