ట్రాక్టరు మెడ

నా చిన్నప్పుడు మా ఉద్దానం తోటల్లోకి ట్రాక్టరు వచ్చిందంటే పిల్లలమే కాదు, పొయ్యి మీద కూర వదిలేసి ఆడవాళ్లు కూడా వీధిలోకి వచ్చి చూసేవారు. మా ఊరి పెద్దరైతు ఒకాయన కొన్న ట్రాక్టరుని తోలే పని మా చిన్నాన్నకి దొరికింది. మా నాన్నకి ఆఖరి తమ్ముడాయన. పెళ్లి కుదిరి ఉంది. నా జడ లాగి ఏడిపించేదీ ఆయనే, ఏడుపు మాన్పడానికి జీడిపండు కోసి పెట్టేదీ ఆయనే. ఆ మనిషిని మేం ఎలా పోగొట్టుకున్నామో చెబుతాను. రోగం వచ్చి పోయుంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఒకరి మీద ఒకరికున్న ప్రేమ వల్ల పోగొట్టుకున్నాం, అందుకే ఇన్నేళ్లయినా నాకు మింగుడుపడదు.

మా తాతయ్య అంతకుముందు ఎడ్లబండి తోలేవాడు. తోటల్లోంచి కొబ్బరికాయలు పలాసకి చేర్చడంతోనే ఆయన వయసంతా గడిచిపోయింది. ఆయన ఎడ్లలో ఒకదానికి కాడి రాసుకుని మెడ మీద పుండు పడింది. ఎన్ని పసర్లు పోసినా మానలేదు. పురుగు పట్టి ఆ ఎద్దు మా పెరట్లోనే చచ్చిపోయింది. బండి ముందుభాగంలో కాయలు ఎక్కువ పోయడం వల్లే దాని మెడ మీద బరువు పడిందని తాతయ్య నమ్మాడు. ముద్ద ముట్టకుండా దాని కట్టుకొయ్య దగ్గరే కూర్చుండిపోయేవాడట. అప్పట్నుంచి ఏ బండికైనా బరువు వెనక్కే సర్దేవాడు. కాడిని ఒంటిచేత్తో ఎత్తి చూసి, తేలిగ్గా లేస్తే గానీ కదలనిచ్చేవాడు కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి వెనక్కి వాలకుండా ఒక మనిషిని ముందు కూర్చోబెట్టేవాడు. మెల్లగా నడిచే ఎడ్లు, పక్కనే నడిచే మనుషులు, కాబట్టి బండికి ఆ పద్ధతి చెల్లిపోయింది. ఊళ్లో మిగతావాళ్లు కూడా ఆయన్ని చూసి అదే నేర్చుకున్నారు.

ట్రాక్టరు వచ్చాక, దాని వెనక తగిలించే తొట్టిలోకి కాయలు ఎత్తించే పెత్తనం కూడా తాతయ్యదే అయింది. ఆ తొట్టికీ రెండే చక్రాలు. ముందు పొడుగాటి ఇనప కమ్మి, దాని చివర కన్నం. ఆ కన్నాన్ని ట్రాక్టరు వెనకున్న కొక్కెంలో పెట్టి, పైనుంచి లావుపాటి పిన్ను దించి, పిన్ను ఊడిరాకుండా కింద చీల గుచ్చేవారు. తాతయ్య కంటికి ఆ కొక్కెం ఎద్దు మెడలాగే కనబడింది. ఇంకేముంది, కాయలన్నీ తొట్టి వెనకవైపు గుట్ట పోయించి, ముందు ఒక మనిషి చాప పరుచుకుని పడుకునేంత జాగా వదిలేసేవాడు. "ఇనుమైతే మాత్రం? దానికీ మెడుంటాది కదరా. నోరు నేదని బరువెట్టీడమేనా?" అనేవాడు. ఆయన జాలి చూసి ఊరంతా మురిసిపోయేది.

చిన్నాన్నకి మాత్రం గుబులుగా ఉండేది. టెక్కలిలో ట్రాక్టరు నేర్చుకున్నప్పుడు అక్కడివాళ్లు ఆయనకి ఒకటే నూరిపోశారట. తొట్టిలో బరువు చక్రాలకి కాస్త ముందుకే ఉండాలి, కమ్మి కొక్కేన్ని కిందికి నొక్కుతూ ఉండాలి, అప్పుడే ట్రాక్టరు వెనక చక్రాలు నేలని పట్టుకుంటాయి, లేకపోతే తొట్టే ట్రాక్టరుని ఎత్తేస్తుందని. కానీ తండ్రి ముందు నిలబడి ఇది తప్పని చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని ఒక మధ్యాహ్నం నన్ను అడ్డం పెట్టుకుని ఉపాయం పన్నాడు.

నా తాటిబుర్రల బండి తీసుకున్నాడు. రెండు తాటిబుర్రలే చక్రాలు, వాటి మీద కొబ్బరిమట్ట ముక్క. మట్ట కొసకి తాడు కట్టి ఉచ్చు నా వేలికి తగిలించాడు. వెనకవైపు ఒక కొబ్బరికాయ కట్టి పరిగెత్తమన్నాడు. నేను పరిగెత్తగానే మట్ట ముందుకొస పైకి లేచి, వెనక భాగం అటూ ఇటూ ఊగి, బండి బోర్లా పడింది. అదే కాయని ముందుకి జరిపి కట్టాడు. ఈసారి వాకిలంతా తిప్పినా నా వెనకే బుద్ధిగా వచ్చింది. నాకది గారడీలా అనిపించి చప్పట్లు కొట్టాను. అరుగు మీద చుట్ట కాలుస్తున్న తాతయ్య అంతా చూశాడు. ఆ పాఠం ఎవరికో ఆయనకి తెలిసిపోయింది.

"బండి మీదే ముసిలోణ్నయిపోనాను. నాకు తాటిబుర్రల్తోటి పాఠం సెప్తన్నావేట్రా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, చిన్నబోయాడంతే. తర్వాత ఆ చచ్చిపోయిన ఎద్దుని తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు చూడగానే చిన్నాన్న నీరుగారిపోయాడు. "నేదు నాయినా, గుంటతోటి ఆడుకుంతన్నాను, అంతే" అని నన్ను చూపించి గబగబా కాయ విప్పేశాడు. ఆ మాట రెండోసారి ఎత్తలేదు.

ఆ ఏడు కాయ విరగకాసింది. ఒకరోజు పొద్దున తొట్టి నిండా ఎత్తించారు, ఎప్పటిలాగే వెనకవైపు గుట్టగా. బయల్దేరేముందు చిన్నాన్న పిన్ను దించి, చీల గుచ్చి, సరిగ్గా ఉందో లేదో వంగి చూడమని నన్ను పిలిచాడు. నేను పెద్ద పనిమంతురాలిలా చూసి ఉందన్నాను. తాతయ్యా నేనూ దారి పక్కన నడుస్తూ వెళ్లాం.

తోటలోంచి రోడ్డు మీదికెక్కే చోట ఇసకదారి నిటారుగా ఉండేది. అక్కడ మా ఎడ్లబండ్లవాళ్లకి ఒక అలవాటు ఉంది. బండి ఎక్కలేక ఆగితే మనిషి దూకి చక్రం వెనక రాయి పెడతాడు, ఎడ్లు ఊపిరి తీసుకుంటాయి. చిన్నాన్న సగం ఎత్తు ఎక్కేసరికి తొట్టి కమ్మి పైకి తన్నింది. ట్రాక్టరు వెనక చక్రాలు నేల మీద పట్టు తప్పి గిర్రున తిరిగాయి. ఆయన బ్రేకు వేసి కిందికి దూకాడు. ఊహ తెలిసినప్పట్నుంచి తండ్రి చేయగా చూసిన పనే చేశాడు. రాయి ఎత్తుకుని తొట్టి చక్రం వెనక వంగాడు. అప్పుడే చీల తెగింది. కమ్మి ఎగిరి పిన్నుని ఊడబెరికింది, తొట్టి వెనక్కి దొర్లింది.

అటుగా వచ్చిన లారీలో టెక్కలి తీసుకెళ్లారు. నన్ను ఇంటి దగ్గర దింపే తీరిక ఎవరికీ లేక నన్నూ ఎక్కించుకున్నారు. చిన్నాన్న తల తాతయ్య ఒడిలో ఉంది. "ఎలగైపోనాదిరా, ఏటి సేసీసినాన్రా" అని తాతయ్య ఒకటే గొణుగుడు. దారిలో చిన్నాన్న కళ్లు తెరిచి, "నీ తప్పు కాదు నాయినా. సీల ఎట్టడం నానే మరిసిపోనాను" అన్నాడు. అదే ఆయన ఆఖరి మాట. టెక్కలి చేరేసరికి ప్రాణం లేదు.

ఆయన చీల పెట్టాడు. నేను నా కళ్లతో చూశాను. తండ్రిని కాపాడుకోవడానికి చచ్చిపోతూ కూడా అబద్ధం చెప్పాడు. ఊరంతా ఆ మాటే పట్టుకుంది. కొత్త చీలలు తెచ్చారు, వాటికి పసుపు రాశారు, అమ్మవారికి మొక్కుకున్నారు. బరువు మాత్రం వెనకవైపే పోశారు. చేతికందిన కొడుకుని పోగొట్టుకున్న ముసలాయన దగ్గరికెళ్లి, నువ్వు సర్దిన పద్ధతే తప్పని ఎవరంటారు? తాటిబుర్రల బండి సంగతీ, చీల సంగతీ అమ్మకి చెప్పాను. "ఊరుకోయే అమ్మీ, ముసిలోడి పేనం పోద్ది" అని నా నోరు నొక్కేసింది. తర్వాత కొన్నాళ్లకి అదే ఎత్తులో ఇంకో తొట్టి వెనక్కి పోయింది. అందులో కాయల మీద కూర్చున్న కూలి ఆడవాళ్లున్నారు. వాళ్లలో ఒకామె రోజూ నాకు పూలు తెచ్చిచ్చేది. ఇంతకుమించి రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు.

పెద్దల మాట చద్దిమూట అంటారు. ఆ సామెత వింటే నాకు ఒళ్లు మండుతుంది. చద్దన్నం పాచిపోయినా సరే, పెట్టిన చెయ్యి నొచ్చుకుంటుందని తినేసే ఇల్లు మాది. తాతయ్య చెడ్డవాడు కాదు, చిన్నాన్న తెలివితక్కువవాడు కాదు. తెలియాల్సిన సంగతి మా వాకిట్లోనే పట్టపగలు మా ముగ్గురి కళ్ల ముందే తేలింది. ఒకసారి చెప్పి ఊరుకోవడం గౌరవం అనుకున్నాం.

ఇప్పుడు మా ఇంట్లో నాకంటే పెద్దవాళ్లు లేరు. నా మనవడు ట్రాక్టరు మీద జీడిపిక్కల బస్తాలు పలాస తోలుతున్నాడు. బస్తాలు ముందుకి జరపమని నేను చెబుతాను, "అలాగే మామ్మా" అని జరుపుతాడు. అక్కడితో నా భయం తీరదు. తాతయ్యకి తెలియనిది ఒకటి ఉన్నట్టు నాకు తెలియనిదీ ఏదో ఉండే ఉంటుంది. ఏదో ఒక రోజు నేనూ పిచ్చి ప్రేమతో ఏదో తప్పే చెబుతాను. దానికీ వాడు తలూపుతాడు. మంచి పిల్లాడు, అచ్చం మా చిన్నాన్నే.

మొన్న వాణ్ని కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. నేను పొరబడితే మొహం మీదే కాదని చెప్పాలని, నేను ఏడ్చినా సరే మళ్లీ చెప్పాలని చేతులు పట్టుకుని బతిమాలాను. వాడు నా కళ్లు తుడిచి, ఎంతో ప్రేమగా, "అలాగే మామ్మా" అన్నాడు.