ముట్టుకోగల ఒక్క మనిషి

కెనెమా పట్నంలో మసీదు వెనక వీధిలో బైందూ జడలు అల్లేది. వసారాలో ఎత్తు పీట మీద ఆమె కూర్చునేది. జడలు వేయించుకునే మనిషి కింద చాప మీద, ఆమె రెండు మోకాళ్ళ మధ్య కూర్చుని తల వెనక్కి వాల్చేది. పాయలు తీసి, నూనె రాసి, నెత్తికి అతికినట్టు సన్నటి వరుసలు అల్లాలంటే ఒక పూట పట్టేది. ఆ పూటంతా మాటలే. ఎవరి మొగుడు ఎవరి గుమ్మం ముందు ఆగుతున్నాడో, ఎవరింటి కూరలో ఎర్ర పామాయిల్ తక్కువైందో, అన్నీ ఆ మోకాళ్ళ మధ్యకే వచ్చి పడేవి. బైందూ విని నవ్వేది, చెయ్యి మాత్రం ఆగేది కాదు.

ఆ ఏడు వానలు పట్టే రోజుల్లో జబ్బు ఊళ్ళోకి వచ్చింది. మొదట జ్వరం, తరువాత వాంతులు, తరువాత నెత్తురు. ఇద్దరికి వస్తే ఒకరు లేచేవారు కాదు. బైందూ భర్త వాండి మోటారుబండి మీద మనుషులను ఎక్కించుకుని తిప్పేవాడు. ఒకరోజు ఒళ్ళు కాలిపోతున్న ముసలాయనను వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రి దాకా తీసుకెళ్ళాడు. ముసలాయన దారంతా అతని వీపును కరుచుకునే ఉన్నాడు. పదోరోజున వాండి జబ్బున పడ్డాడు. అతనికి నీళ్ళు తాగించి, కక్కింది ఎత్తింది బైందూ. నాలుగేళ్ళ కూతురిని పక్కింటికి పంపుదామంటే పక్కింటివాళ్ళు తలుపు తీయలేదు. అంబులెన్సులో ముగ్గురూ ఎక్కారు. ఐదు వారాల తరువాత బైందూ ఒక్కతే తిరిగొచ్చింది. కూతురిని ఎక్కడ పూడ్చారో ఆమెకు ఒక కర్ర మీద అంకె వేసి చూపించారు.

ఇంట్లో పరుపు, బట్టలు, పీట, దువ్వెనలు అన్నీ మందు కొట్టేవాళ్ళు తగలబెట్టి పోయారు. గోడలు మిగిలాయి. బైందూ పది రోజులు ఆ గోడల మధ్యే పడుకుంది. తరువాత లేచి, ఒక కొత్త దువ్వెన, ఒక కొత్త చాప తెచ్చుకుని వసారాలో పరిచింది. కావలసింది ఒకటే. ఎవరో ఒకరు వచ్చి ఆ చాప మీద కూర్చుని తల వాల్చాలి. మొగుడు పోయాడు, బిడ్డ పోయింది. ఈ వేళ్ళ కింద ఒక తల వెచ్చగా ఆనితే తానూ బతికున్నట్టే అనుకుంది.

ఎవరూ రాలేదు. పంపు దగ్గర ఆమె బిందె పెడితే ఆడవాళ్ళు తమ బిందెలు తీసుకుని వెనక్కి జరిగేవారు. "నువ్వు పట్టుకో బైందూ, మాకేం తొందర లేదు" అనేవారు ఎంతో మర్యాదగా. ఆమె అటు వెళ్ళగానే పంపు గొట్టానికి బ్లీచింగ్ నీళ్ళు పోసి తోమేవారు.

ఇంటి యజమానురాలు కోనా ముసలామె గేటు అవతలే నిలబడి మాట్లాడింది.

"ఆ చాప చుట్టి లోపల పెట్టవే అమ్మా. దాన్ని చూసి జనం దారే మార్చుకుంటున్నారు."

"నాకు తగ్గిందని కాగితం ఇచ్చారు కదా పిన్నీ. డాక్టరు సంతకం కూడా ఉంది."

"చూశాలే నీ కాగితం. కాగితానికి జ్వరం రాదు. వస్తే నాకొస్తుంది."

ఎదురింట్లో యేమా ఉండేది. వారం వారం బైందూ మోకాళ్ళ మధ్య కూర్చుని కునికిపాట్లు పడిన మనిషి. ఆమె మాత్రం రోడ్డుకు అటువైపు నుంచి పలకరించేది. చంకలో పద్నాలుగు నెలల కూతురు జెబ్బే.

"అక్కా, తిన్నావా? కోపం తెచ్చుకోకు. నువ్వంటే నాకు భయం లేదు, నీ చేతులంటేనే భయం."

"నీ తల చూసుకున్నావా? కోడి కెలికిన చెత్తకుప్పలా ఉంది."

"ఉండనీలే. బతికున్న తల కదా!"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు తరువాత బైందూ లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

యేమా తన ఊళ్ళో మేనత్త పోతే వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా శవానికి స్నానం చేయించి వచ్చింది. శవం నుంచి జబ్బు అంటుకుంటుంది, చేయించొద్దని రేడియో రోజూ మొత్తుకుంటూనే ఉంది. కానీ తనను ఎత్తి పెంచిన మనిషిని కడగకుండా సంచిలో వేసి పంపడం యేమా వల్ల కాలేదు. రెండు వారాలకు ఆమెకు జ్వరం వచ్చింది. మలేరియా అని అందరికీ చెప్పింది. ఒళ్ళంతా తెల్లదుస్తులు తొడుక్కున్న ఆసుపత్రివాళ్ళు వచ్చి ఎక్కించుకుని వెళ్ళారు. ఇంటి చుట్టూ తాడు కట్టి, గొడుగు కింద ఒక సిపాయిని కూర్చోబెట్టారు. పిల్ల నెత్తురులో జబ్బు లేదన్నారు, కానీ ఇరవై ఒక్క రోజులు కనిపెట్టి చూడాలన్నారు. కనిపెట్టేది ఎవరు?

జెబ్బే గడప మీద ఒక్కతే కూర్చుని ఏడుస్తోంది. సిపాయి కర్రతో బిస్కెట్ పొట్లం ఆమె వైపు తోశాడు. తాడు అవతల వీధి వీధంతా నిలబడి ఉంది. యేమా అక్క మాస్సా పక్క వీధి నుంచి పరుగెత్తుకొచ్చి, తాడు దగ్గర నేల మీద పడి గుండెలు బాదుకుంది.

ఆరోగ్యశాఖ మనిషి అన్నాడు: "పెద్దమ్మవి కదా, నువ్వు లోపలికెళ్ళి ఎత్తుకోమ్మా."

మాస్సా ఏడుపు ఆగింది. "నాకు నలుగురు పిల్లలున్నారు సారూ."

"మరెవరు ఎత్తుకుంటారు? ఒకసారి ఈ జబ్బు వచ్చి తగ్గినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళకు మళ్ళీ అంటుకోదు."

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. "బైందూ ఉందిగా!" అన్నారెవరో. "అవును, మన బైందూ!" అంది కోనా ముసలామె. "బైందూ, తల్లీ, నీకేం కాదట, విన్నావా?"

మన బైందూ. మూడు నెలలుగా ఆ వీధిలో ఎవరూ ఆ మాట అనలేదు. అంతమంది చూస్తుండగా బైందూ తాడు కింద నుంచి వంగి లోపలికి వెళ్ళింది. పిల్లను ఎత్తుకోగానే పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులు వేసి ముఖం దాచుకుంది. తన సొంత బిడ్డ వెళ్ళిపోయాక ఆమెను ముట్టుకున్న మొదటి మనిషి జెబ్బే.

నాలుగోరోజున యేమా పోయిందని కబురు వచ్చింది. బైందూ పిల్లను ఒళ్ళో వేసుకుని ఊపుతూనే ఏడ్చింది. మాస్సా రోజూ అన్నం, కర్రపెండలం ఆకు కూర తెచ్చి తాడు దగ్గర పెట్టి పది అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడేది.

"తింటోందా అక్కా? అల్లా పంపిన మనిషివి నువ్వు."

"తింటోంది. ఇవాళ నన్ను అమ్మా అంది."

"వాళ్ళమ్మ అనుకుని ఉంటుంది" అంది మాస్సా.

ఇరవై రెండోరోజు పొద్దున్న తాడు విప్పారు. ఆరోగ్యశాఖ మనిషి చప్పట్లు కొట్టాడు, వీధంతా కొట్టింది. మాస్సా ఒక కొత్త గౌను, ఒక బకెట్ బ్లీచింగ్ నీళ్ళు తెచ్చింది.

"పిల్లను కింద దించక్కా."

"ఈ నీళ్ళెందుకు? దానికి ఏమీ లేదని ఇప్పుడే కదా చెప్పారు."

"దానికి లేదని తెలుసు. ఇన్ని రోజులూ నీ ఒంటి మీదే ఉంది కదా!"

అందరి ముందూ పిల్లను నిలబెట్టి, నెత్తి నుంచి పాదాల దాకా ఆ నీళ్ళతో కడిగింది. జెబ్బే కళ్ళు మండి కెవ్వున ఏడుస్తూ బైందూ వైపు చేతులు చాపింది. బైందూ ఒక అడుగు వేసింది. "నువ్వుండు" అంది మాస్సా. బైందూ ఉండిపోయింది. మర్నాడు పంపు దగ్గర బిందెలు ఎప్పటిలాగే వెనక్కి జరిగాయి.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం మాస్సా వచ్చి, నిద్రపోతున్నట్టున్న జెబ్బేను చాప మీద పడుకోబెట్టి గేటు దాకా వెనక్కి నడిచింది. పిల్ల ఒళ్ళు పెనంలా ఉంది.

"రాత్రి నుంచీ జ్వరం. బండివాళ్ళు ఎక్కించుకోం అంటున్నారు. నీకేం కాదు కదా అక్కా, నువ్వే తీసుకెళ్ళు."

బైందూ పిల్లను వీపుకు గుడ్డతో కట్టుకుని ఎండలో ఆసుపత్రికి నడిచింది. అక్కడే నాలుగు రోజులు ఉంది. ఈసారి నిజంగానే మలేరియా. ఐదోరోజు పిల్లను ఎత్తుకుని ఇంటికి తెచ్చింది.

మాస్సా గేటు దగ్గర నిలబడింది. "ఇచ్చెయ్యక్కా, వెళ్తాం."

"ఇస్తాను. ముందు లోపలికి రా. కూర్చో."

"ఎక్కడ?"

"ఆ చాప మీద. నీ తల అల్లుతాను."

మాస్సా నవ్వబోయింది. బైందూ నవ్వలేదు. "పిల్లను మోయడానికి పనికొచ్చిన చేతులు తలకు పనికిరావా? కూర్చో. అల్లాక తీసుకెళ్ళు."

వీధిలో అప్పటికే ముగ్గురు నలుగురు ఆగి చూస్తున్నారు. మాస్సా వచ్చి కూర్చుంది. బైందూ తిరగేసిన బకెట్ మీద కూర్చుని ఆమె తలగుడ్డ విప్పింది. అన్ని నెలల తరువాత వేళ్ళ కింద వెచ్చటి తల. కానీ మెడ కొయ్యలా బిగిసిపోయి ఉంది. పాయ తీసినప్పుడల్లా మాస్సా ఊపిరి బిగబట్టి, చెయ్యి తీయగానే వదులుతోంది. అయినా బైందూ తొందరపడలేదు. అల్లుతూ ఉంటే మెత్తబడుతుందిలే అనుకుంది. వెనకటిలాగే మాటలు పెట్టింది. "మీ ఆయన ఎలా ఉన్నాడు?" "ఉన్నాడు." "చిన్నాడికి పళ్ళొచ్చాయా?" "వచ్చాయి."

నిజంగానే సగం తల అయ్యేసరికి మాస్సా మెడ కొంచెం సడలింది. అప్పుడు, గోడ పక్కన ఆడుకుంటున్న జెబ్బే లేచి తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, బైందూ మోకాలి మీద చెంప ఆనించబోయింది. మాస్సా చెయ్యి చటుక్కున లేచి మధ్యలో అడ్డుపడింది. పిల్లను లాగి తన ఒడిలో అదుముకుంది. తల మాత్రం బైందూ చేతుల్లోనే ఉంది.

మాస్సా తన తలను ఇచ్చింది, పిల్లను మాత్రం ఆననివ్వలేదు. భయమే అయితే ముందు తల దాచుకోవాలి కదా. ఇది భయం కాదని బైందూకు ఆ క్షణాన అర్థమైంది. పిల్ల తనను మరిచిపోవాలి, మాస్సాకు కావలసింది అంతే.

మిగిలిన సగం అల్లింది. ఒక్క వరుస కూడా వంకర పోకుండా అల్లి, చివరి ముడి వేసింది. "అయింది. తీసుకెళ్ళు" అంది. మాస్సా లేచి, పిల్లను చంకనేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళింది.

మాస్సా బైందూ దగ్గర తల అల్లించుకుందనీ, ఇరవై ఒక్క రోజులైనా ఏమీ కాలేదనీ వీధి లెక్క చూసుకుంది. నాలుగోవారం కోనా ముసలామె వచ్చి చాప మీద కూర్చుంది. తరువాత పంపు దగ్గరి ఆడవాళ్ళు ఒకరొకరే వచ్చారు. ఇప్పుడు ఉదయం నుంచీ ఆ వసారా ఖాళీగా ఉండదు. జబ్బు పోయిందని ఊళ్ళో డప్పులు కొట్టి ఆడారు. ఆ రోజు ముస్తాబుకు సగం వీధి తలలు బైందూయే అల్లింది. మాస్సా మళ్ళీ రాలేదు. జెబ్బేను ఆ వీధిలోంచి తీసుకుపోవడం కూడా మానేసింది.

ఆ మోకాళ్ళ మధ్యకు కబుర్లు మళ్ళీ వచ్చి పడుతున్నాయి. బైందూ వింటుంది. నవ్వదు. పాయ మాత్రం మునుపటికంటే బిగించి లాగుతుంది.

"అబ్బా, నెమ్మదిగా లాగవే బైందూ, ప్రాణం పోతోంది!" అంటుంది కింద కూర్చున్న మనిషి.

"ఓర్చుకో" అంటుంది బైందూ.