కచరా గట్టు మీద నేస్తరికం

హిందీ మాట్లాడే ఈ ఇనప కార్ఖానా ఊళ్ళో, బారిడీహ్ పేట దాటి నది వైపు వెళితే ఎడమ పక్కన ఇప్పుడొక చిన్న అడవి కనిపిస్తుంది. కానుగలు, దిరిసెనలు, తుమ్మలు. సాయంత్రమైతే టెల్కో కాలనీ నుంచి కూడా జనం సైకిళ్ళ మీద వచ్చి గాలి పీల్చుకుని పోతుంటారు. పీల్చుకోనివ్వండి, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. ఆ గాలి ఒకప్పుడు ఎలా ఉండేదో, దాన్ని బాగు చేసినవాళ్ళు ఇప్పుడెక్కడ కాపురం ఉంటున్నారో వాళ్ళకి తెలీదు. అందుకే చెబుతున్నాను. చెప్పకపోతే నా కడుపుమంట చల్లారేలా లేదు.

అప్పట్లో దాన్ని కచరా గట్టు అనేవాళ్ళం. ఊళ్ళో చెత్తంతా ఎద్దుబళ్ళ మీద అక్కడికే వచ్చేది. సఫాయి ఆఫీసు వాళ్ళు బళ్ళు తోలించేవాళ్ళు, మా ఆడవాళ్ళం దింపి, ఏరి, కుప్ప వేసేవాళ్ళం. గట్టు చివర, పాత చెత్త మట్టిగా మారిపోయిన ఎత్తు నేల మీద మా గుడిసెలు. అందరం పాలకొండ, బొబ్బిలి వైపు నుంచి వచ్చిన వాళ్ళమే. వాసన సంగతి అడక్కండి. కానీ ఎత్తున ఉండేవాళ్ళం కాబట్టి ఎంత వాన కురిసినా పొయ్యి తడిసేది కాదు. గుడిసెల మీద గుమ్మడి పాదులు పాకించుకుంటే ఇంటికి సరిపోగా పంచిపెట్టేంత కాసేవి.

మా గుంపుకి పెద్ద మా వదిన నూకాలమ్మ. మా ఆయన ముసలయ్యకి అప్ప. మొగుడు జ్వరమొచ్చి పోతే, పిల్లా జెల్లా లేని మనిషి, తమ్ముణ్ణి ఊరి నుంచి పిలిపించుకుని, నన్ను చూసి తెచ్చి పెళ్ళి చేసి, మా ఇద్దరినీ తన పిల్లల్లాగే చూసుకుంది. పొడగరి. గొంతెత్తితే బండి ఎద్దులు ఆగిపోయేవి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. నోట్లో చుట్ట ఉన్నంతసేపూ మాట ఉండదు, తీసిందంటే ఎంతటి బాబునైనా నిలబెట్టి కడిగేసేది. జీతాల మేస్త్రీ, బళ్ళ మేస్త్రీ అందరూ ఆవిడ చుట్ట ఆరకముందే పని ముగించుకుని పోవాలని చూసేవాళ్ళు.

అంతటి మనిషీ ఒకే ఒక్కరి ముందు మెత్తబడిపోయేది. ఆ మహాతల్లి పేరు బంగారమ్మ.

ఇద్దరూ ఒకే ఏడు కొత్తకోడళ్ళుగా ఈ ఊరొచ్చారట. భాలుబాసా బస్తీలో పక్క పక్క గదుల్లో కాపురం పెట్టారట. ఇక్కడి భాషా, మనుషులూ కొత్త, ఏడుపొస్తే ఒకరికొకరే దిక్కు. అప్పుడు నేస్తం కట్టుకున్నారు. మా వైపు అది ఆటమాట కాదు. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, ఒకరి కాళ్ళకి ఒకరు పసుపు రాసి, చీరలు మార్చుకుని, చిమ్మిలి తినిపించుకుంటారు. ఇక చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకకూడదు. నేస్తం అనే పిలవాలి. పేరు పెట్టి పిలిస్తే నేస్తరికం తెగిపోయినట్టే. ఇంకొకటి కూడా ఉంది. నేస్తం ఒక మాట ఇచ్చాక దానికి సాక్షిని అడక్కూడదు. అడిగితే నమ్మకం లేదని నలుగురిలో చాటినట్టు.

తర్వాత బంగారమ్మ దశ తిరిగింది. మొగుడు ఆదిబాబు నాలుగు ముక్కలు చదువుకున్నవాడు కాబట్టి సఫాయి ఆఫీసులో ఓవర్సీరు అయ్యాడు. ఆవిడ చేతికి గాజులు, కాళ్ళకి చెప్పులు వచ్చాయి. మా వదిన కచరా గట్టు మీదే ఉండిపోయింది. అయినా పండగకి ఒకరింటికి ఒకరు పోవడం మానలేదు. వాకిట్లోంచే "నేస్తం!" అని కేకేస్తే చాలు, మా వదిన చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ పడేసి పరిగెత్తేది.

యాభై ఆరులోనో ఏడులోనో ఆఫీసువాళ్ళు ఒక ప్లాను వేశారు. మంచి ప్లానే, ఎందుకు కాదంటాను? గట్టంతా కందకాలు తవ్వాలి. చెత్త ఒక వరుస, మరుగుదొడ్ల మలం ఒక వరుస వేసి పైన మట్టి కప్పాలి. కొన్ని నెలలు మాగితే నల్లటి ఎరువవుతుంది. నిండిన కందకాల మీద చెట్లు పెంచాలి. వాసన పోతుంది, ఈగలు పోతాయి, ఊరికి పచ్చని గోడలాగా అడవి ఉంటుంది. అంతా బాగానే ఉంది గానీ, కందకాలు తవ్వాలంటే మా గుడిసెలు లేవాలి. నాలా అవతల పల్లంలోకి పొమ్మన్నారు. ఆ పల్లంలోకి వానాకాలం నది నీళ్ళు ఎక్కి వస్తాయని ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు.

మా వాళ్ళు లేచేది లేదన్నారు. ముందు మాకు ఎత్తున జాగా చూపించండి, తర్వాత పలుగు వేయండి అని కూర్చున్నారు. అప్పుడు వచ్చింది బంగారమ్మ, కొంగులో పకోడీలు కట్టుకుని మరీ.

"నేస్తం, బెంగెట్టుకోకు," అంది. "మా ఇంటాయనతో మాట్టాడేసినాను. సెట్లు పెరిగినాక గట్టు సివర తూర్పేపు ఎత్తు జాగా మీకే ఇత్తారు. ఒక్కో ఇంటికీ ఒక్కో ముక్క. సెట్ల పనీ మీకే. అందాకా నాలా అవతల సద్దుకోండి. నా మాట మీదెల్లండి."

"నీ మాటుంటే మరింకేటి కావాల నేస్తం," అంది మా వదిన. మొహం వెలిగిపోయింది. ఇంటింటికీ తిరిగి, తిట్టి, బతిమాలి, అందరినీ ఒప్పించింది. నేను మాత్రం, "వదినా, ఆ మాట ఆ బాబునే వచ్చి సెప్పమనకూడదేటి?" అన్నాను. "నోర్ముయ్యే దాలమ్మా, నేస్తమంటే ఏటనుకున్నావు?" అని నా మీద ఇంతెత్తున లేచింది.

తర్వాత నాలుగు రోజులకి పెద్ద సాహెబు మీటింగు పెట్టాడు. గట్టు మీద బల్ల వేసి, గుడ్డ మీద గీసిన ప్లాను పరిచాడు. బెంగాలీ ఆయన, పెద్దమనిషే. ఎక్కడ కందకాలు, ఎక్కడ చెట్లు అన్నీ కర్రతో చూపించి, చివరికి హిందీలో అడిగాడు.

"కిసీకో కుఛ్ బోల్నా హై? అభీ బోలో."

ఎవరికేం కావాలన్నా ఇప్పుడే చెప్పాలట. గీత పడ్డాక మార్చడం కుదరదట. ఆదిబాబు ఆయన పక్కనే కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన సగం లేచాడు. "సాబ్, హమారా జగా..." అన్నాడో లేదో, మా వదిన ఆయన పంచె పట్టుకుని గుంజి కూర్చోబెట్టేసింది. తనేం మాట్లాడలేదు. నోట్లో చుట్ట ఉంది. ఆవిడ మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు? సాహెబు మా మొహాలన్నీ ఒకసారి చూశాడు, ప్లాను చుట్ట చుట్టేశాడు.

తిరిగి వస్తుంటే మా ఆయన ఊగిపోయాడు. "ఎందుకు లాగినావప్పా? అడిగితే ఏటి పోయేది?"

"నేస్తం సెప్పేసింది కదరా. మల్లీ నలుగుర్లో అడిగితే దాని మొగుడి ముందర దాని పరువేటవుతాది? సాచ్చం అడిగినట్టు కాదేటి?"

అదీ మా వదిన బుద్ధి. ఎంతటి అధికారినైనా నిలదీయగలదు గానీ, నేస్తం మాటని మాత్రం ఇంకోసారి అడగలేకపోయింది.

నాలా అవతలికి వెళ్ళాం. మొదటి వానాకాలానికే నీళ్ళు గుడిసెల్లోకి వచ్చాయి. కుండలు తేలాయి. పిల్లల్ని బళ్ళ మీద పడుకోబెట్టి తడుస్తూ నిలబడ్డాం. ఆ ఏటి జ్వరాల్లో నా చంటిది పోయింది. ఆ మాట ఇక్కడితో వదిలేస్తాను. ఎక్కువ చెబితే ఈ కథ నడవదు.

పగలంతా గట్టు మీద పని. కందకాలు నింపాం, కప్పాం, మాగబెట్టాం. నల్లటి ఎరువు తట్టల్లో మోసి గుంతలు నింపాం. మొక్కలు నాటాం. మా వదిన చెయ్యి మంచిది, ఆవిడ పెట్టిన మొక్క చావడం నేను చూడలేదు. బంగారమ్మ అప్పుడప్పుడు గొడుగు వేసుకుని వచ్చేది. ఒకసారి ఆవిడే స్వయంగా తూర్పు వైపు ఎత్తు జాగాలో నిలబడి, "నేస్తం, ఇదిగో, మీ ఇల్లిక్కడ. తూరుపు గుమ్మం పెట్టుకో," అని కాలితో గీత గీసి చూపించింది. మా వదిన ఆ గుమ్మం పక్కన తనకోసమని ఒక కానుగ మొక్క పెట్టుకుంది. ఎండాకాలంలో మా గుడిసెలో తాగడానికి నీళ్ళు లేకపోయినా, ఆ మొక్కకి కడవ మోసుకుపోయేది. "ముసలితనంలో దీని నీడన కూకుని సుట్ట కాల్సుకుంతాను, నువ్వు తిట్టుకో," అనేది నాతో.

కానుగ మనిషంత ఎత్తు పెరిగింది. అప్పుడు ఆ జాగాలో ఇటుకలు దిగాయి. ఆఫీసు స్టాఫుకి క్వార్టర్లట.

మేం గోలపెడదాం అనుకునేలోపే బంగారమ్మ ఏడుస్తూ వచ్చి మా గుడిసెలో కూలబడింది. "నేస్తం, ఆఫీసోల్లు మాట తప్పినారు. మా ఇంటాయన కాల్లా ఏల్లా పడినాడు, ఇన్లేదు. పైగా అందులోనే మాకో ఇల్లు రాసేసినారు. నా కాలెలా అడుగు పెడతాదో..." అని గుండెలు బాదుకుంది.

మా వదిన ఏం చేసిందో తెలుసా? తన కొంగుతో ఆవిడ కళ్ళు తుడిచింది. "నువ్వేటి సేత్తావు నేస్తం, ఊరుకో ఊరుకో," అని ఉన్న ఒక్క గ్లాసు మజ్జిగ ఆవిడకే ఇచ్చింది. బిడ్డని పోగొట్టుకున్న నేను పక్కనే కూర్చుని ఆ మజ్జిగ ఆవిడ గొంతు దిగడం చూశాను. మా ఆయన మాత్రం ఆ రోజు నుంచి అప్పతో సరిగ్గా మాట్లాడలేదు. మా వాళ్ళందరూ తప్పంతా మా వదినదే అన్నారు. ఆవిడ పడింది.

క్వార్టరులో పాలు పొంగిస్తున్నాం రమ్మని బంగారమ్మ పిలిచింది. నేను పోవద్దన్నాను. "నేస్తం పిలిత్తే ఎల్లకుండా ఉంతామేటే?" అని పెట్టెలోంచి నేస్తం కట్టిన నాటి చీర తీసి కట్టుకుంది. పసుపు, కుంకుమ నా చేతికిచ్చి, తనొక గుమ్మడికాయ పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

తూర్పు గుమ్మం. గుమ్మం పక్కన మా కానుగ. దాని నీడలో బంతి భోజనాలకి ఆకులు వేస్తున్నారు. మా వదిన ఆ చెట్టు మొదలు ఒకసారి తడిమి, నవ్వుమొహం పెట్టుకునే లోపలికి వెళ్ళింది. పాలు పొంగాయి. ఆదిబాబు మంచి హుషారుగా ఉన్నాడు. నాకు నోరు ఆగక అనేశాను.

"బాబూ, ఇది మాకిత్తామన్న జాగా. మీ ఆఫీసోల్లకి నాయముందేటి?"

ఆదిబాబు తెల్లబోయాడు. "ఇదేంటి దాలమ్మా? పెద్ద సాహెబు ఈ జాగా మీ ఇళ్ళకోసమే ఖాళీగా ఉంచాడు. మీవాళ్ళకి ఇక్కడ ఇష్టం లేదనీ, నాలా అవతలే బాగుందన్నారనీ నూకాలమ్మే చెప్పి పంపిందని మా ఇంటిది చెప్పింది కదా? సరే, మీటింగులోనైనా అడుగుతారేమో అని చూశాడు. ఒక్కరూ నోరెత్తలేదు. అందుకే స్టాఫుకి రాశారు."

పొయ్యి దగ్గర గరిట చప్పుడు ఆగిపోయింది. నేను బంగారమ్మ వైపు చూశాను. ఆవిడ మొహం చూశాక ఇంకెవరినీ ఏమీ అడగనక్కర్లేకపోయింది. ఆ మొగుడికి నిజంగా అంతే తెలుసో, తెలిసీ ఊరుకున్నాడో నాకు తెలీదు. ఆవిడకి మాత్రం పకోడీలు కట్టుకొచ్చిన రోజు నుంచీ తెలుసు. కాలితో గీత గీసి గుమ్మం చూపించింది మాకు కాదు, తనకి. మా వదిన నీళ్ళు మోసింది ఆవిడ నీడకి.

అంతా తెలిసిపోయాక కూడా ఆ మహాతల్లి గబగబా వచ్చి మా వదిన చెయ్యి పట్టుకుంది. మాట మార్చాలని చూసింది. నవ్వబోయింది.

"నేస్తం, అయ్యన్నీ తరవాత మాట్టాడుకుందాం. పెరట్లో మావిడి మొక్క తెప్పించినాను. నీ సేత్తో పెట్టు, నీ సెయ్యి మంచిది..."

మా వదిన చెయ్యి విడిపించుకుంది. నేనైతే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. ఆవిడ అరుస్తుందనుకున్నాను, ఊరంతా వినిపించేలా కడిగేస్తుందనుకున్నాను. గొంతు కూడా పెంచలేదు.

"బంగారమ్మా," అంది.

మా వైపు ముసలమ్మ ఒకావిడ "అమ్మో!" అని నోరు నొక్కుకుంది. బంగారమ్మ చెంపదెబ్బ తిన్నట్టు వెనక్కి జరిగింది. పాతికేళ్ళుగా ఆ పేరు ఆ నోట రాలేదు.

"బంగారమ్మా, పాలు పొంగినాయి. నానెల్తన్నాను," అని గుమ్మడికాయ గడప లోపల పెట్టి బయటికి నడిచింది.

నేను వెనకే పరిగెత్తాను. కానుగ దాటాం, చెట్ల వరసలు దాటాం, నాలా కట్ట ఎక్కాం. బంగారమ్మ చెప్పులు కూడా లేకుండా చెట్ల చివరిదాకా వచ్చి నిలబడింది. "నేస్తం! నేస్తం!" అని గొంతు చించుకుని పిలుస్తోంది. నిద్రలో పిలిచినా ఆ మాటకి పలికే మనిషి మా వదిన. నేను ఆగాను. ఆవిడ ఆగలేదు.

"వదినా, నిన్నే పిలుత్తంది," అన్నాను.

"నన్ను కాదే," అంది. "పద, వానొచ్చేలా ఉంది. గుడిసెలో సామాన్లు పైకెత్తాల."