నలభై కిలోల కర్టెన్ రాడ్డు

ముందే చెప్పేస్తున్నాను, నాకేం విరగలేదు. విరిగింది తలుపు గొళ్ళెం ఒక్కటే. అది ఇంకా బిగించలేదు కూడా. ఎందుకు బిగించలేదో చెప్పాలంటే మీ టీలు చల్లారిపోతాయి. అయినా సరే వినాలి. మూడు వారాలుగా ఎవరికీ చెప్పుకోలేక కడుపులో కుక్కుకుని కూర్చున్నాను.

నేను తణుకు నుంచి వచ్చి పదిహేడు నెలలు. మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన అద్దాల బిల్డింగులో ఉద్యోగం. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయట. అలా ఆగకుండా ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడానికి నన్ను కూర్చోబెట్టారు. కూర్చున్నాను. బ్రహ్మాండంగా కూర్చున్నాను. కూర్చుని కూర్చుని నడుము నాలుగంగుళాలు పెరిగింది.

ఉండేది మదీనాగూడలో, మేడ మీద పోర్షన్. అది దొరకడం వెనక ఒక అబద్ధం ఉంది. మీకు తెలుసుగా, ఈ ఊళ్ళో ఏ గేటు చూసినా "టులెట్, ఫ్యామిలీలకు మాత్రమే" అని బోర్డు. బ్యాచిలర్ అంటే చాలు, మన మొహం మీదే గేటు వేస్తారు. తిరిగి తిరిగి విసుగొచ్చి, చివరి గేటు దగ్గర "ఫ్యామిలీయేనండీ, మా ఆవిడ వచ్చే నెల వస్తుంది" అనేశాను. ఓనరు గారు అరవై దాటిన మనిషి, ఈ ఊరివాడే, ఒకప్పుడు ఇక్కడే పొలం చేసినాయన. నన్ను కింద నుంచి పైదాకా ఓసారి చూసి తాళంచెవి చేతిలో పెట్టాడు.

అంతే! అప్పట్నుంచి ఓనరమ్మ గారు కనపడితే చాలు, ఒకటే ప్రశ్న.

"ఏంది సారూ, మీ ఇంటామె ఎప్పుడొస్తది?"

"వచ్చే నెలండీ."

ఒకసారి పరీక్షలన్నాను. ఇంకోసారి వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదన్నాను. లేని అత్తగారికి కామెర్లు కూడా తెప్పించాను. తర్వాత ఏం చెప్పాలో తోచక చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగడం మొదలెట్టాను. ఆదివారం వాళ్ళు భోజనానికి పిలిస్తే, కడుపు నకనకలాడుతున్నా "ఇప్పుడే తిన్నానండీ" అనేవాణ్ణి. వెళ్ళి కూర్చుంటే మా ఆవిడ పేరు అడుగుతారు కదా, నేనింకా పేరు పెట్టలేదు!

నవ్వకండి. దాని ఫలితం ఏమిటో తెలుసా? శుక్రవారం సాయంత్రం ఆఫీసులో "బై" అంటే, మళ్ళీ సోమవారం "గుడ్ మార్నింగ్" అనేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు. మధ్యలో కర్రీ పాయింట్ దగ్గర "ఒక పప్పు, ఒక వేపుడు" అనడం ఒక్కటే నా సంభాషణ. ఒక్కోసారి "పప్పు ఏం పప్పండీ?" అని కావాలని అడిగేవాణ్ణి, ఇంకో మాట కలుస్తుందని.

ఇలా ఉండగా మా అమ్మ నిడదవోలులో ఒక సంబంధం చూసింది. వెళ్ళాను. అమ్మాయి బావుంది. నేను ఎలా ఉన్నానో వాళ్ళ మేనత్త చెప్పింది. చేతిలో ఫోటో, ఎదురుగా నేను. రెండింటినీ మార్చి మార్చి చూసి, చాలా మర్యాదగా అడిగింది.

"ఈ ఫోటో ఎప్పటిదండీ?"

మళ్ళీ కబురు రాలేదు. ఇక లాభం లేదు, పెళ్ళి కావాలంటే ఒళ్ళు తగ్గాలి, ఆ పెళ్ళయితే నా అబద్ధం కూడా నిజమైపోతుంది అనుకున్నాను. ఒక్క దెబ్బకి రెండు సమస్యలూ తీరతాయని లెక్క.

మర్నాడు లంచ్‌లో ఈ విషయం ఎత్తడం నా తప్పు. మా టీమ్‌లో శ్రీధర్ అని ఉన్నాడు, అమెరికా మేగజైన్లు చదువుతాడు. "కార్డియో ఒక్కటే మార్గం గురూ! పరిగెత్తు. గుండె కొట్టుకోవాలి, చెమట కారాలి. కొవ్వు అలాగే బర్న్ అవుతుంది" అన్నాడు. పక్కనే నగేష్, బోరబండ కుర్రాడు, అక్కడి జిమ్‌లో రోజూ ఇనుము ఎత్తుతాడు. వాడు ఊరుకుంటాడా? "ఏం ఉరుకుడన్నా! ఉరికినంతసేపే కరుగుతది. అదే కండ పెంచితె ఊకె కూసున్నా కరుగుతనే ఉంటది" అన్నాడు. కూర్చున్నా కరుగుతుందంటే నాకు ప్రాణం లేచొచ్చింది గానీ, శ్రీధర్ సీనియర్ కదా అని ముందు పరుగుకే ఓటేశాను.

మర్నాడు తెల్లారకుండా బూట్లు వేసుకుని పరుగెత్తాను. మా వీధిలో అప్పటిదాకా ఊరికే పరిగెత్తిన మనిషి లేడనుకుంటాను. గేదెల్ని తోలుకుపోతున్న ఒకాయన ఆగి, నా వెనక్కి తొంగి చూశాడు. "ఎవడన్న తరుముతున్నడా సారూ?" అన్నాడు పాపం, చేతిలో కర్ర సవరించుకుంటూ. సరే, అదీ భరించాను. తిరిగొస్తే గేటు దగ్గర ఓనరమ్మ గారు ముగ్గేస్తోంది! దాటుకుని పోలేను, తొక్కలేను. ఆయాసంతో మాట రావడం లేదు.

"ఏంది సారూ, గిట్ల రొప్పుతున్నవ్? ఇంతకీ మీ ఇంటామె ఎప్పుడొస్తది?"

మూడు రోజులు పరిగెత్తాను, మూడు రోజులూ అదే ప్రశ్న. నాలుగో రోజు నగేష్ దగ్గరికి పోయి "నువ్వు చెప్పిందే సైన్స్ రా" అన్నాను. చూశారా, లోకంలో అందరూ కార్డియోనా, వెయిట్సా అని కొవ్వుని బట్టి తేల్చుకుంటారు. నేను గేటుని బట్టి తేల్చుకున్నాను. బరువులైతే తలుపేసుకుని లోపలే ఎత్తుకోవచ్చు కదా!

వాళ్ళ జిమ్‌లో పక్కన పడేసిన పాత రాడ్డు, ఇనప ప్లేట్లు, ఒక బెంచీ ఇప్పించాడు. ఇస్తూ ఒక మాటన్నాడు. "అన్నా, పండుకొని ఎత్తేటప్పుడు ఒక్కనివే ఉండకు. తలకాడ ఒకరు నిలబడాలె. ఉన్నరా ఎవరన్న?"

"ఎందుకు లేరూ, బోల్డుమంది" అన్నాను. అబద్ధాలు అలవాటైపోయాయి.

రాడ్డుని దుప్పట్లో చుట్టి, ప్లేట్లు గోనెసంచిలో వేసి ఆటోలో తెచ్చాను. గేటు దగ్గర ఓనరు గారు తగులుకున్నాడు.

"ఏంది సారూ గది?"

"కర్టెన్ రాడ్డండీ. ఆవిడ వస్తుంది కదా, కిటికీలకి..."

"జర ఆగు, నేనొక దిక్కు పడ్త" అని రాడ్డు ఒక కొస పట్టుకున్నాడు. మెట్ల సగంలో ఆగి "గింత బరువుందేంది?" అన్నాడు. తర్వాత గోనెసంచి కదిపాడు, కదల్లేదు. "మరి గివి?"

"కర్టెన్ రింగులండీ."

ఆయన నన్ను చూశాడు. సంచిని చూశాడు. దాన్ని రెండు చేతులా ఎత్తి పైకి మోసి పెట్టి వెళ్ళిపోయాడు. మంచివాడు, నమ్మేశాడనుకున్నాను.

ఒక నెల తలుపు గొళ్ళెం పెట్టుకుని ఎత్తాను. అంకెలు పైకే లెక్కపెట్టేవాణ్ణి. "ఏడు... ఎనిమిది... శెభాష్!" ఆ శెభాష్ కూడా నేనే. ఇల్లంతా ఒక మనిషి మాట వినపడుతుంటే బాగానే ఉండేది, అది నాదే అయినా సరే.

ఇక ఆ ఆదివారం. పొద్దున్నే లింగంపల్లి స్టేషన్‌కి వెళ్ళాను, అక్కడ రంగు లైట్లు తిరిగే బరువు మెషీన్ ఉంటుంది కదా, దాని కోసం. ఎక్కి నాణెం వేస్తే అట్టముక్క రాలింది. రెండు కిలోలు పెరిగాను! తగ్గలేదు, పెరిగాను! వెనక్కి తిప్పితే జాతకం: "మీరు ఎల్లప్పుడూ సత్యమే పలుకుదురు." మెషీన్‌కి కూడా నేనంటే వెటకారమే.

ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి రాడ్డుకి అటూ ఇటూ ఇంకో ప్లేటు తోశాను. మొత్తం నలభై కిలోలు. జారకుండా బిగింపులు గట్టిగా తిప్పాను. పడుకున్నాను, ఎత్తాను. ఒకటి. రెండు. మూడోసారి కిందికి దించాను, అది గుండె మీద కూర్చుంది. ఇక లేవదే!

తోశాను. లేవలేదు. పక్కకి వంచి ప్లేట్లు జారుద్దామంటే బిగింపులు కదల్లేదు, అంత శ్రద్ధగా బిగించాను మరి. కాళ్ళ వైపు దొర్లిద్దామంటే నా పొట్ట స్పీడ్ బ్రేకర్ లాగా అడ్డం. ఏ పొట్ట తగ్గించడానికి ఎత్తానో అదే నన్ను పోనివ్వలేదు.

ఊపిరి సగం సగం ఆడుతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. అప్పుడు నిజంగా భయం వేసింది. నేను లేనని ముందు ఎవరికి తెలుస్తుంది? సోమవారం ఆఫీసులో లీవనుకుంటారు. మంగళవారం కూడా అనుకోవచ్చు. కర్రీ పాయింట్ వాడు ఒక పప్పు మిగిలిందనుకుంటాడు. అరుద్దామని నోరు తెరిచాను. ఏమని అరవాలి? ఇంట్లో అయితే "అమ్మా" అంటే చాలు. ఇక్కడ పదహారు నెలలు ఒకే కప్పు కింద ఉన్నాను, కింద మనుషుల పేర్లు కూడా నాకు తెలియవు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

చివరికి ఏమని అరిచానో తెలుసా?

"ఓనరు గారండీ! కాస్త పైకొస్తారా అండీ? తొందరేం లేదండీ..."

అవును, తొందరేం లేదన్నాను! చచ్చిపోతూ కూడా మొహమాటం.

కింద నుంచి ఓనరమ్మ గారు, "ఏంది సారూ, నల్లా వస్తలేదా?"

"వస్తోందండీ!"

"మరేంది?"

"బరువండీ!"

నా గొంతులో తేడా పట్టేసినట్టుంది ఆవిడ. ఇద్దరూ మెట్లెక్కిన చప్పుడు. తలుపు తోశారు. గొళ్ళెం.

"తలుపు తియ్యి సారూ!"

"లేవలేనండీ! మా ఆవిడ కూడా ఊళ్ళో లేదండీ!" అన్నాను. చూడండి, ఆ స్థితిలో కూడా!

అవతల్నుంచి ఓనరు గారు, "గది మాకెర్కనే గానీ, నువ్వు గట్లనే ఉండు" అని భుజంతో ఒక్క గుద్దు గుద్దాడు. రెండో గుద్దుకి గొళ్ళెం ఊడి గది మధ్యలో పడింది. ఆయన వచ్చి, వంగి, రాడ్డుని రెండు చేతులా పట్టుకుని నీళ్ళ బిందె దించినంత తేలిగ్గా దించి పక్కన పెట్టాడు. అరవై దాటిన మనిషి! ఒక్క రోజైనా జిమ్ మొహం చూసి ఉండడు.

"గిదేనా నీ కర్టెన్ కడ్డీ?" అన్నాడు.

ఓనరమ్మ గారు గది కలయజూసింది. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దిండు. కిందికెళ్ళి ఉప్పు మూట వేడి చేసి తెచ్చి గుండె మీద పెట్టింది. ఇక తట్టుకోలేకపోయాను.

"నాకు పెళ్ళి కాలేదండీ" అన్నాను. ఇల్లు పోయిందనే అనుకున్నాను.

"ఎర్కనే" అంది ఆవిడ, మూట అటు జరిపి.

"ఎప్పట్నుంచండీ?"

"మొదటి నెల సందే. పెండ్లాం ఊళ్ళ ఉన్నోడు ఒక్క ఆదివారమన్న పోడా? పండుగకు గూడ నువ్వొక్కనివే మీద కూసుంటివి. ఇగ దాపెట్టుడెందుకు బిడ్డా?"

"మరి తెలిసి కూడా, ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అని ఎందుకడిగేవారండీ?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏమన్న మాట్లాడాలె గద నీతోని! గదొక్కటి అడిగితెనే ఆగి రెండు ముచ్చట్లు చెప్తుంటివి. లేకుంటె చెప్పులు చేతుల పట్టుకొని ఉరుకుతివి."

చెప్పుల సంగతి కూడా తెలుసన్నమాట. నేను ఏ ప్రశ్నకి భయపడి పదహారు నెలలు దొంగలా తిరిగానో, ఆవిడ నాతో మాట కలపడానికే అది అడిగింది. నాకు ఏడుపొచ్చింది. గుండె నొప్పి అని చెప్పుకున్నాను. ఆ ఉప్పు మూట కింద పడుకునే "ఇంతకీ మీ పేర్లేంటండీ?" అని అడిగాను. ఆయన నర్సింలు గారు, ఆవిడ భారతమ్మ గారు.

ఇప్పుడు సాయంత్రం నేను ఎత్తుతుంటే నర్సింలు గారు తలకాడ స్టూలేసుకుని కూర్చుంటాడు. లెక్క ఆయనదే. ఏడు తర్వాత ఏదో ముచ్చట గుర్తొచ్చి చెప్పి, మళ్ళీ ఐదు నుంచి మొదలెడతాడు. గొళ్ళెం లేదు కాబట్టి భారతమ్మ గారు బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి పళ్ళెంతో నేరుగా లోపలికే వస్తుంది. మొన్న మళ్ళీ లింగంపల్లి మెషీన్ ఎక్కాను. ఇంకో కిలోన్నర పెరిగాను. "చెప్పానా, కార్డియో!" అంటాడు శ్రీధర్. "గది కండ అన్నా" అంటాడు నగేష్. అది సర్వపిండి అని నా ఒక్కడికే తెలుసు.

నిన్న ఒకటో తారీఖు. అద్దె ఇవ్వడానికి కిందికి దిగాను, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. భారతమ్మ గారు బియ్యం చేటలోంచి తలెత్తకుండా అడిగింది.

"ఏంది బిడ్డా, మీ ఇంటామె ఎప్పుడొస్తది?"

"వచ్చే నెలండీ."

"అయితె కర్టెన్లు కొనుక్కరా మరి. కడ్డీ ఉండనే ఉండె."