నిప్పుకు అంచు వేసిన రోజు

ఆ రోజుల్లో మా ఇంటి కిటికీలోంచి కొండ కనిపించేది. ఇప్పుడూ కనిపిస్తుందనుకోండి, కొండ ఎక్కడికీ పోలేదు, నేనే కడపకొచ్చి ఏసీ కింద కూర్చున్నాను. రాజంపేటకు ఇవతల నేతవాళ్ళ ఊరు మాది. డిగ్రీ అయిపోయి, ఏ ఉద్యోగమూ రాక (పరీక్షలకు చదువుకుంటున్నాడని ఇంటికొచ్చిన వాళ్ళకు అమ్మ చెప్పేది) నాన్న పక్కన రెండో మగ్గంలో కూర్చున్న ఏడాది అది. గుంటలో కాళ్ళు దించి కూర్చుంటే చేతులు పోగుల మధ్య నాడెను అటూ ఇటూ విసిరేవి, కాళ్ళు తొక్కేవి, మనసు మాత్రం కొండ మీది బోదగడ్డిలో పడి తిరిగేది. పొద్దున నీలంగా, మధ్యాహ్నం ఎండకు తెల్లగా, సాయంత్రం ఎర్రగా మారే ఆ కొండను చూస్తూ నేను ఎన్ని పోగులు తెంపానో నాన్నకే తెలుసు. తెగినప్పుడల్లా ఆయనే లేచి వచ్చి ముడి వేసి పోయేవాడు.

శివరాత్రికి కాస్త ముందు ఎవరో వాట్సాప్‌లో పంపారు. వేసవికి అటవీ శాఖవాళ్ళు ఫైర్ వాచర్లను తీసుకుంటున్నారట. అంటే ఎండాకాలం పోయేదాకా అడవి అంటుకోకుండా కాపలా కాయాలి, అంటుకుంటే ఆర్పాలి. నేను చదివింది ఆ రెండు ముక్కలే. మిగతాదంతా ఊహించుకున్నాను. కొండ కొమ్మున నిలబడి ఉన్నాను, పచ్చ చొక్కా, మెడలో దుర్భిణి (ఇస్తామని ఎవరూ చెప్పలేదు), కింద లోకమంతా నిద్రపోతోంది, నేనొక్కణ్ణే మేలుకుని ఉన్నాను. ఈ సంగతి ఇంట్లో చెబితే అమ్మ, "పొయ్యి మీద పాలు పొంగితే చూసుకోలేనోడివి, కొండంతా ఏం చూస్తావురా" అంది. నాన్న నేత ఆపకుండానే ఒకే మాటన్నాడు. "తీసుకుంటే పో. తీసుకోకపోతే ఆ కిటికీ మూసి నేసుకో." ఆయన అన్నది చేసే మనిషి. ఆ ఉద్యోగం రాకపోతే ఒక్క ఎండాకాలం కాదు, బతుకంతా నేను ఆ గుంటలోనే అని నాకు అర్థమైపోయింది.

పరీక్ష కొండ కిందే పెట్టారు. పెట్టింది సెక్షన్ ఆఫీసరు. ఆయన పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు, మీసాల సారు అంటే చాలు. కావలసింది కొద్దిమంది, వచ్చింది గుంపు. మొదట గుట్ట దాకా పరిగెత్తి రమ్మన్నారు. పక్క పల్లె నుంచి వచ్చిన గొర్రెలన్న (గొర్రెలు కాసేవాడు, అందుకని నేను పెట్టుకున్న పేరు) అందరికంటే ముందు పోయి, పైన కూర్చుని బీడీ ముట్టించబోయి, సారు ఉన్నాడని గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాడు. నా వెనక ఉన్నది గొర్రెలన్న వెంట వచ్చిన కుక్క ఒక్కటే. అదీ సగం దూరంలో నన్ను దాటిపోయింది.

ఇక రెండోది ఫైర్ లైను. అడవిలో బాటలాగా వెడల్పుగా గడ్డి కోసి, ఆకులు ఊడ్చి, నేల బయటపడేట్టు చేస్తారు. అవతలి నుంచి వచ్చిన మంట ఆ ఖాళీ నేల దగ్గర తినడానికేమీ దొరక్క ఆగిపోవాలి. తలా ఒక ముక్క కొలిచి, కొమ్మలతో కట్టిన పొరకలు ఇచ్చారు. ఇక్కడ మాత్రం నేను గెలుస్తాననిపించింది. మిగతావాళ్ళు ఆకులను ఎటు పడితే అటు దూరంగా చెదరగొట్టి పారేస్తుంటే చూసి జాలిపడ్డాను. పని అంటే అదా? నేను నడిమి నేలను అద్దంలా ఊడ్చాను. ఊడ్చిన ఎండుటాకులను రెండు పక్కలా చీర అంచుల్లా, గీత గీసినట్టు పేర్చాను. వంకర పోయిన చోట మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో సర్దాను. చివరికి చేరేసరికి చేతులు ఆగక అడ్డంగా మూడు చారలు కూడా వేశాను. అది కొంగు.

సారు వచ్చి చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటున్నాడనే అనుకున్నాను.

"మీ ఇంట్లో ఏం పని చేస్తారప్పా?"

"మగ్గం సార్."

"అదీ కత. నువ్వు మంటకు దారి మూయలేదప్పా. ఈ పక్కొక వత్తి, ఆ పక్కొక వత్తి పెట్టినావు."

అందరూ నవ్వారు. నాకు అర్థం కావాలని కాబోలు, సారు ఒక కొసన అగ్గిపుల్ల గీసి వేశాడు. అయ్యా, ఆ తర్వాత జరిగింది నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే చూడగలను. మంట రెండు అంచుల వెంబడీ పాకింది. నేను పేర్చినంత తిన్నగా, ఎక్కడా తెగకుండా, బంగారు రంగులో పోతూ ఉంది. జరీ అంచు మా ఇంట్లో ఎంత నెమ్మదిగా సాగుతుందో తెలుసు గనుక, ఆ వేగం చూస్తూ ఒళ్ళు మరిచి నిలబడిపోయాను. "కొట్టప్పా, చూస్తాండావేంది" అని గొర్రెలన్న పచ్చికొమ్మ నా చేతిలో పెట్టి, తను ఇంకో కొమ్మతో బాదడం మొదలుపెట్టాక గానీ అది నిప్పని నాకు తోచలేదు. అందరూ బాదగా, నేనూ వంగి బాదగా, మంట కొంగు దాకా వచ్చి ఆరింది. నా కనుబొమ్మలు దానితో పాటే పోయాయి.

మధ్యాహ్నం అందరూ అన్నం పొట్లాలకు కిందికి దిగారు. పేర్లు అక్కడే చదువుతారట. దిగడానికి నాకు ముఖం చెల్లలేదు. నల్లబడ్డ నా అంచుల పక్కన ఒక బండ మీద కూర్చున్నాను. బూడిదలోంచి అక్కడొక పోగు, ఇక్కడొక పోగు పొగ లేచేది. లేచి పోయి దాని మీద మన్ను వేసి వచ్చి మళ్ళీ కూర్చునేవాణ్ణి. ఇది బాధ్యత అనుకునేరు, కాదు. దిగితే కొండ అయిపోతుంది, ఉన్నంతసేపు ఉందామని. గాలి బోదగడ్డిలోంచి ఒక రకమైన నిమ్మ వాసన తెచ్చేది. ఎర్రచందనం ఆకుల నీడ కాళ్ళ మీద నుంచి మోకాళ్ళ మీదికి, అక్కడి నుంచి భుజం మీదికి జరిగింది. ఆకలి వేసింది, పోయింది. ఆ పూట ఎంత దుఃఖంగా ఉన్నానో అంత హాయిగానూ ఉన్నాను.

పొద్దు వాలాక, నిప్పు పూర్తిగా ఆరిందో లేదో చూసి పోదామని మీసాల సారు ఒక్కడే ఎక్కివచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"ఇంకా ఈడనే ఉండావా?"

"ఆడాడా పొగ లేస్తాండ్య సార్."

ఆయన వంగి బూడిద మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూశాడు. ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచి అలాగే చూశాడు. అంతటా చల్లగా ఉన్నట్టుంది.

"పరిగెత్తేటోళ్ళు శానామంది దొరుకుతారప్పా నాకు," అన్నాడు. "ఆరినాక కూడా కూచునేటోడే దొరకడు. దినమంతా కూచోగలవా?"

మగ్గం గుంటలో పెరిగినవాణ్ణి ఆ మాట అడిగిన మనిషి అంతకుముందు లేడు. కూర్చోలేకనే కదా కొండకు పారిపోయి వచ్చాను. "కూచుంటా సార్" అన్నాను. ఆయన చదివిన పేర్ల కింద నా పేరూ రాసుకున్నాడు. అలా వచ్చింది ఉద్యోగం.

ఇంటికి చేరేసరికి నా కథ నాకంటే ముందే చేరింది. బస్టాండులో గొర్రెలన్న చెప్పిందంతా మా వీధి వీధంతా విని నవ్వుకుంటోంది. అమ్మ నా ముఖం చూసి కొబ్బరినూనె కోసం లోపలికి పరిగెత్తింది. నాన్న మగ్గంలోనే ఉన్నాడు. తీసుకున్నారని చెప్పాను. ఆయన నాడె ఆపాడు. ఇప్పుడు నవ్వుతాడు, నేత పరువు కొండ మీద తీశావంటాడు అని కాచుకుని ఉన్నాను.

"అంచు రెండు పక్కలా సమంగా వచ్చిందా?" అన్నాడు.

"కుడి పక్క రవంత లావైంది నాన్నా."

"నాకూ మొదట్లో అట్లే వచ్చేది" అని మళ్ళీ నాడె అందుకున్నాడు.

ఉద్యోగం వచ్చినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఎవరూ చూడకుండా లోపలి గదిలోకి పోతే ఎదురుగా అద్దం. కనుబొమ్మలు లేని ముఖం ఏడిస్తే ఎలా ఉంటుందో అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఏడుస్తూనే నవ్వాను. అద్దంలోని ఆ పిల్లవాడు ఇప్పుడు గుర్తొచ్చినా, ఈ ఏసీ కింద, నాకు తెలియకుండానే చెయ్యి కనుబొమ్మ మీదికి పోతుంది.